ఫోర్కు పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి చేయించుకోవాలి

ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక కొత్తగూడ చౌరస్తాలో కాసేపు నిలబడితే మట్టి కొట్టుకుపోయిన సైకిళ్లు ఒకటొకటిగా ఇంటిదారి పట్టడం కనిపిస్తుంది. కొన్ని ఖాజాగూడ గుట్టలెక్కి దిగినవి. కొన్ని గండిపేట వెనకాల మొరం దారుల్లో తిరిగినవి. ఇంకొన్ని కారు మీద అనంతగిరి దాకా వెళ్లి వచ్చినవి. వాటిలో ఏదో ఒకదాని ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు కాళ్లను దగ్గరికి వెళ్లి చూడండి. అద్దంలా మెరిసే లోపలి గొట్టం మీద, సీలు అంచుకు సరిగ్గా పైన, గోధుమరంగులో సన్నని గీత గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. వేలితో తుడిస్తే నూనె అంటుతుంది. దాన్నే బొటనవేలితో రుద్దితే గరగరమంటుంది. ఫోర్కు ఎన్నాళ్లు బతుకుతుందో ఆ గరగర చెబుతుంది.

హైదరాబాద్ గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకు పగిలి, వానకు అరిగి అదే మన మొరం అయింది. అందులో నలగకుండా మిగిలేది క్వార్ట్జ్ రేణువు. మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7. మామూలు ఉక్కు కత్తి కంటే అదే గట్టిది. అలాంటి రేణువు సీలు పెదవి కింద చేరి, గుంత వచ్చిన ప్రతిసారీ గొట్టంతో పాటు పైకీ కిందికీ ఆడితే ఉప్పుకాగితం రుద్దినట్టే. గొట్టం మీది గట్టి పూత గీసుకుపోయిందంటే దాన్ని మళ్లీ వేయించుకునే దారి మనకు ఇక్కడ దొరకదు. కొత్త గొట్టాల జత ధరలో ఒక మామూలు సైకిలే వస్తుంది.

లోపల ఏముందో చూస్తేనే పనిముట్ల సంగతి బోధపడుతుంది. పైనుంచి దిగే రెండు గొట్టాలను స్టాంచన్లు అంటారు. అవి కింది కాళ్లలోకి, అంటే లోయర్లలోకి, జారుతూ ఉంటాయి. మంచి ఫోర్కుల్లో లోయర్లను మెగ్నీషియంతో పోతపోస్తారు. తేలిక, కానీ మెత్తన. సైకిలు మీద కూర్చున్నప్పుడు ఎడమ కాలిలో స్ప్రింగు ఉంటుంది, ఇప్పుడు చాలావాటిలో అది గాలి స్ప్రింగే. కుడి కాలిలో డ్యాంపర్, అంటే కుంగిన ఫోర్కు ఒక్కసారిగా ఎగిరి రాకుండా నూనెతో అదుపు చేసే యంత్రం. లోయర్ల పైఅంచులో వైపర్ సీలు, దాని కిందే నూనె పీల్చుకున్న ఫోమ్ రింగు, ఇంకా లోపల స్టాంచన్ జారడానికి బుష్‌లు. వీటన్నిటినీ తడిపి ఉంచేందుకు ఒక్కో కాలిలో అడుగున ఉండే నూనె చాలా మోడళ్లలో పది మిల్లీలీటర్ల చుట్టుపక్కలే. రెండు టీస్పూన్లు. ఆ రెండు టీస్పూన్లు నల్లబడితే మొత్తం ఫోర్కు ఎండిపోయినట్టే.

మనవాళ్లు కిలోమీటర్లు లెక్కపెడతారు, ఫోర్కుకు కావాల్సింది గంటల లెక్క. ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ తన మాన్యువళ్లలో లోయర్లను 50 గంటలకోసారి విప్పి, తుడిచి, కొత్త నూనె పోయమంటుంది. సన్‌టూర్‌దీ 50, 100 గంటల లెక్కే. ఫాక్స్ పూర్తి సర్వీసును 125 గంటలకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందొస్తే అప్పుడు చేయించమంటుంది. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు గుట్టల్లో తిరిగేవాళ్లకు వారానికి నాలుగు గంటలు. అంటే మూడు నెలలకల్లా 50 దాటుతుంది. పైగా ఈ అంకెలు మన మొరం దుమ్మును, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే బురదను చూసి రాసినవి కావు. ఇక్కడ వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి విప్పి తీరాలని నా అభిప్రాయం.

పనిముట్ల సంచి కొనే ముందు తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ ఫోర్కు మీకు నిజంగా కావాలా? అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన హెల్త్‌వే సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు, మీద సోలార్ కప్పు, కింద నున్నటి దారి. కొండాపూర్‌లోనే బొటానికల్ గార్డెన్ దగ్గర పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఉంది. మీరు తొక్కేది ఈ రెండిట్లోనూ, ఆఫీసు దారిలోనూ అయితే సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కే మేలు. బరువు తగ్గుతుంది, విప్పే పని ఉండదు. కొండాపూర్ అపార్టుమెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి ఉన్న సైకిళ్లలో ఎన్నింటికో సన్‌టూర్ ఎక్స్‌సీటీ లాంటి స్ప్రింగు ఫోర్కులు ఉంటాయి. వాటిలో గాలి ఉండదు, ఖరీదైన డ్యాంపరూ ఉండదు. అడుగు బోల్టులకు పట్టే అలెన్ కీ గానీ పొడవాటి సాకెట్ గానీ, ఒక రబ్బరు సుత్తి, ఒక డబ్బా మంచి గ్రీజు ఉంటే చాలు. ఆ ఫోర్కు ఉన్నవాళ్లు ఇకపై చదివే పనిముట్లలో సగం కొనక్కర్లేదు.

ఇన్ని పనిముట్లు ఎందుకు పుట్టుకొచ్చాయంటే గొట్టాలు లావెక్కుతూ వచ్చాయి కనుక. పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ పెట్టాడు. మరుసటి ఏడాది కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ కంపెనీ ఫోర్కుతోనే డౌన్‌హిల్ గెలిచాడు. తొలినాళ్ల మానిటూ ఫోర్కుల్లో స్ప్రింగు పని చేసింది రబ్బరులాంటి ఎలాస్టోమర్ ముక్కలు. వాటిని తీసి కొత్తవి వేసుకోవడానికి ప్రత్యేకమైన పనిముట్లేవీ అక్కర్లేదు. తర్వాత గాలి వచ్చింది, మూసిన కార్ట్రిడ్జి డ్యాంపర్లు వచ్చాయి, గొట్టాలు 28 మిల్లీమీటర్ల నుంచి 30, 32, 34, 35, 36, 38 దాకా లావెక్కాయి. ఫాక్స్‌ది 34, 36. రాక్‌షాక్స్‌ది 35. మిల్లీమీటరు తేడా అయినా ఒకదాని సీలు ఇంకోదానికి పట్టదు, ఒకదాని సీలు బిగించే పనిముట్టు ఇంకోదానికి పనికిరాదు. తయారీదార్లు కూర్చుని ఒక కొలతకు వచ్చి ఉంటే మన సంచి బరువు సగం తగ్గేది. అలా చేయకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

మొదట కొనాల్సింది షాక్ పంపు. గాలి ఫోర్కు ఉన్నవాళ్లకు ఇందులో బేరమే లేదు. ఫోర్కు గాలిగది చాలా చిన్నది, ఒత్తిడి టైరులో కంటే చాలా ఎక్కువ. టైరు పంపు ఒక్క దెబ్బ కొడితే అంకె అమాంతం ఎగిరిపోతుంది. పెట్రోలు బంకులో గాలి గొట్టం పెడితే సీళ్లకే ముప్పు. షాక్ పంపు దెబ్బకు కొంచెం కొంచెం గాలినే పంపుతుంది, ఎక్కువైతే వదలడానికి చిన్న మీట ఉంటుంది. దీన్ని వాడేటప్పుడు చాలామంది కంగారుపడే చోటు ఒకటుంది. పంపు తలను వాల్వు నుంచి విప్పుతుంటే బుస్సుమంటుంది. ఫోర్కులో గాలి పోయిందనుకుని మళ్లీ తగిలించి చూస్తారు, అంకె తగ్గి ఉంటుంది. ఆ బుస్సు ఫోర్కుది కాదు, పంపు గొట్టంలో మిగిలిన గాలిది. మళ్లీ తగిలించినప్పుడు ఫోర్కులోని గాలి కొంత ఖాళీ గొట్టంలోకి వస్తుంది కాబట్టి అంకె తగ్గుతుంది. ఇంతే సంగతి. గాలి నింపాక ఫోర్కును నాలుగైదుసార్లు అదిమి, మళ్లీ కొలిచి, తగ్గింది నింపాలి. లోపల స్ప్రింగుకు రెండు వైపులా ఉన్న గదులు అప్పుడే సర్దుకుంటాయి.

ఎండాకాలం సంగతి ఒకటి చెప్పుకోవాలి. పొద్దున 25 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ పెట్టిన ఫోర్కును 42 డిగ్రీల ఎండలో కొలిస్తే సుమారు 106 చూపుతుంది. పీవీ ఎన్ఆర్టీ లెక్క చిన్నప్పుడు బళ్లో అందరం చేసిందే. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఫోర్కు బిగుసుకుందనిపిస్తే ముందు పంపు తీయండి, అలెన్ కీ తర్వాత. గాలి సరిపోయిందో లేదో తేల్చేది స్టాంచన్ మీది చిన్న రబ్బరు రింగు. సైకిలెక్కి కదలకుండా నిలబడితే మన బరువుకు ఫోర్కు కుంగుతుంది. ఆ కుంగు, ఫోర్కు కుంగగల మొత్తం దూరంలో 15 నుంచి 20 శాతం ఉండాలి. 120 మిల్లీమీటర్ల ఫోర్కుకు 18 నుంచి 24 మిల్లీమీటర్లు. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు దీనికి.

ఇక విప్పడం. గాలంతా వదలాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. గాలి ఉండగా పైమూత విప్పితే అది తూటాలా లేస్తుంది, ఎదురుగా ఉండేది మీ ముఖం. రాక్‌షాక్స్‌లో అడుగున రెండు బోల్టులుంటాయి, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. మూడు నాలుగు చుట్లు వదులు చేసి ఆగాలి. పూర్తిగా తీయకూడదు. కీ అందులోనే ఉంచి దాని మీద ప్లాస్టిక్ సుత్తితో కొడితే లోపలి షాఫ్టు లోయరును వదిలిపెట్టి లోపలికి దిగుతుంది. ఆ దెబ్బ గట్టిగా ఒక్కటి పడాలి. భయంభయంగా పది దెబ్బలు కొడితే బోల్టు తల చెడుతుంది. ఇనుప సుత్తి వద్దు. ఫాక్స్‌లో బోల్టులకు బదులు నట్లుంటాయి, షాఫ్టు మర బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని మీద నేరుగా కొడితే మర నలిగి షాఫ్టే మార్చాల్సి వస్తుంది. అందుకని మరకు బిగించి, పైనుంచి కొట్టేందుకు వీలుగా ఒక చిన్న ఉక్కు గుబ్బను ఫాక్స్ అమ్ముతుంది. అరచేతిలో దాగిపోయేంత వస్తువు. ఫాక్స్ ఫోర్కు ఉన్నవాళ్లకు ఇది లేకుండా కుదరదు.

లోయరును రెండు చేతులా పట్టుకుని లాగితే ముందు నూనె కారుతుంది. కింద పళ్లెం పెట్టుకోండి. తేనెరంగులో వస్తే మీరు వేళకు విప్పారని అర్థం. ఇరానీ చాయ్ డికాక్షన్‌లా వస్తే ఆలస్యమైంది. బూడిదరంగులో, మెరుపు తునకలతో వస్తే లోపల ఏదో లోహం అరుగుతోంది. అక్కడితో ఆపి తెలిసినవాళ్లకు చూపించాలి. నేను మొదటిసారి విప్పినప్పుడు నూనె అసలు రాలేదు. ఫోమ్ రింగు వేళ్ల మధ్య పిండితే పొడి మట్టి రాలింది. ఆ సైకిలును నేను ఏడాదిన్నర తొక్కాను, వారం వారం కడిగాను, తళతళలాడేట్టు తుడిచాను. ఆ మట్టిని చూశాకే ఈ పనిముట్ల మీద నాకు పట్టుదల పుట్టింది.

సీలు తీయడం దగ్గరే ఎక్కువ నష్టాలు జరుగుతాయి. చేతికి అందిన స్క్రూడ్రైవరు సీలు కింద దూర్చి ఎగదోస్తే సీలు వస్తుంది, దాంతో పాటు మెత్తటి మెగ్నీషియం అంచు మీద గాటు కూడా పడుతుంది. ఇక ఆ గాటులోంచి నూనె ఎప్పటికీ కారుతూనే ఉంటుంది, ఎన్ని కొత్త సీళ్లు వేసినా. లావు టైర్లను తీయడానికి వాడే వెడల్పాటి టైరు లీవరుతో, అంచు మీద మడత పెట్టిన గుడ్డ వేసి ఎగదోయడమే మంచి పద్ధతి. రాక్‌షాక్స్ మాన్యువల్ కూడా డౌన్‌హిల్ టైరు లీవరునే వాడమంటుంది. అంటే ఖరీదైన సీల్ పుల్లర్ కొనకపోయినా నష్టం లేదు.

కొత్త సీలు కూర్చోబెట్టడానికి మాత్రం సీల్ డ్రైవర్ ఉండాలి. సీలు నాలుగువైపులా ఒకేసారి, ఒకే మట్టంలో దిగాలి. ఒక పక్క ముందు దిగితే రెండో పక్క నలుగుతుంది, సీలు తీగ స్ప్రింగు జారుతుంది. డ్రైవర్ అంటే అంత పెద్ద యంత్రమేమీ కాదు. గుండ్రటి దిమ్మె. నడుమ ఒక బుడిపె, చుట్టూ భుజం. బుడిపె సీలు మధ్యలోకి దిగి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది, భుజం సీలు బయటి అంచును మాత్రమే నొక్కుతుంది. దీన్ని విదేశం నుంచి తెప్పిస్తే ఒక్క సైజుకే కొరియరు, కస్టమ్స్ కలిసి వేలల్లోకి పోతుంది. ఇంట్లో ఒకటి 32, ఇంకోటి 35 ఉంటే రెండు కొనాలి.

ఇక్కడే మన ఊరి అదృష్టం గురించి చెప్పాలి. కొండాపూర్ నుంచి కూకట్‌పల్లి మీదుగా వెళ్తే బాలానగర్ ఎంతో దూరం కాదు. ఐడీపీఎల్, హెచ్ఏఎల్ లాంటి పెద్ద కర్మాగారాల చుట్టూ చిన్న లేత్ షాపులు పెరిగిన చోటది. పనిముట్లను రూపొందించే విద్యను నేర్పడానికే భారత ప్రభుత్వం 1968లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నదీ బాలానగర్‌లోనే. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే ఈ నగరం కోడ్ రాయడానికి ముప్పై ఏళ్ల ముందే పనిముట్టు గీయడం నేర్చింది. అంత దగ్గర్లో ఆ విద్య ఉండగా ఒక నైలాన్ దిమ్మె కోసం సముద్రాలవతలికి ఆర్డరు పెట్టడం నాకు మనసొప్పలేదు.

రాణిగంజ్‌లో జానెడు నైలాన్ రాడ్డు కొనుక్కుని, కొత్త సీలు, పాత సీలు జేబులో వేసుకుని ఒక లేత్ షాపుకు వెళ్లాను. లేత్ మాస్టర్ సీలును అటూ ఇటూ తిప్పి చూశాడు. మోటారు సైకిలు షాకప్ సీళ్లు ఆయనకు కొత్త కాదు.

“ఇదేం బండిది సార్, గింత సన్నగున్నది?”

“సైకిల్‌ది అన్నా.”

“సైకిల్‌కు షాకప్పా! మంచిగున్నది. గిది టైటుగ కావాల్నా, లూజుగ కావాల్నా?”

ఆ ప్రశ్న అడగడంలోనే ఆయన పనితనం తెలిసింది. బుడిపె స్టాంచన్ కొలత కంటే అర మిల్లీమీటరు తక్కువ ఉండాలని, భుజం సీలు పెదవిని ఏమాత్రం తాకకూడదని చెప్పాను. వెర్నియర్‌తో తనే మళ్లీ కొలుచుకున్నాడు. నేను చెప్పని పని ఒకటి చేశాడు. బుడిపె కొసను కొద్దిగా వాలుగా తీశాడు, సీలులోకి దారి చూసుకుని దిగేలా. చివరికి ఉప్పుకాగితంతో అంచులు నున్నగా చేసి ఇచ్చాడు. అరగంట కూడా పట్టలేదు. ఆ దిమ్మెతో ఇప్పటికి చాలా సీళ్లు దించాను, ఒక్కటీ వంకర పోలేదు. పీవీసీ పైపు ముక్కతో, కప్లింగుతో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. పైపు కొస నిట్టనిలువుగా కోసి ఉంటే అది కూడా పని చేస్తుంది. కానీ అది పెదవి మీదికి జారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఒక సీలు చెడితే పైపుతో మిగిల్చిన డబ్బు పోయినట్టే.

లేత్ మీద చేయించుకోదగ్గ రెండో వస్తువు సాకెట్. మామూలు సాకెట్ మూతి లోపల అంచు వాలుగా ఉంటుంది, బోల్టు మీదికి తేలిగ్గా దిగడానికి. కారు బోల్టుకు అదే మేలు. ఫోర్కు పైమూత అల్యూమినియంది, పట్టుకోవడానికి దాని ఎత్తు కొద్ది మిల్లీమీటర్లే. ఆ ఎత్తులో సగాన్ని వాలే తినేస్తే సాకెట్ పట్టేది మిగతా సగాన్నే. కాస్త బలం పెట్టగానే జారుతుంది, మూత మూలలు గుండ్రమైపోతాయి. అందుకే మూతి చదునుగా ఉండే సాకెట్లను ప్రత్యేకంగా అమ్ముతారు. మన దగ్గర చేయాల్సింది ఇదీ. ఆరు పలకల సాకెట్ కొనండి, పన్నెండు పలకలది వద్దు. వాలు పోయేదాకా మూతిని లేత్ మీద గానీ గ్రైండరు మీద గానీ తీయించండి. గ్రైండరైతే మధ్యమధ్య నీళ్లలో ముంచాలి, లేకపోతే ఉక్కు పదును దిగిపోతుంది. ముందు మీ ఫోర్కు మూత సైజు చూసుకోండి. 24, 26, 28, 32 అంటూ మోడల్‌కొకటి ఉంటుంది. కొత్త రాక్‌షాక్స్ గాలి వైపు మూతలు కొన్నింటికి సాకెట్టే అక్కర్లేదు, వెనక చక్రం క్యాసెట్ విప్పే పనిముట్టే పడుతుంది. చాలామంది ఇళ్లలో అదివరకే ఉండే వస్తువది.

ఒకసారి తొందర పనిలో ఉండి నా సైకిలును ఒక షాపులో ఇచ్చాను. అక్కడి కుర్రాడు అడ్జస్టబుల్ పానా తీసి పైమూతకు పట్టించాడు. నేను వద్దనేలోపు అది జారింది. నల్లటి మూత మీద వెండిగీత ఇప్పటికీ ఉంది. ఆ కుర్రాడిని తప్పు పట్టలేను. అతని చేతికి సరైన సాకెట్ ఎవరూ ఇవ్వలేదు, ఫోర్కు ఎలా విప్పాలో ఎవరూ నేర్పలేదు.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్. ఇది చేయించుకునేది కాదు, కొనాల్సిందే. రాక్‌షాక్స్ అడుగు బోల్టుకు 7.3 న్యూటన్ మీటర్లు చెబుతుంది. 15 సెంటీమీటర్ల అలెన్ కీ కొసన ఐదు కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత బలం. మన చేయి అంతకు మించి బిగించడానికే అలవాటు పడింది. ఫాక్స్ అడుగు నట్లకు ఇంకా తక్కువ, 5.6. కారు షెడ్డులో వాడే టార్క్ రెంచ్ ఈ పనికి రాదు, అది మొదలయ్యేదే ఈ అంకెలకు చాలా పైన. రెండు నుంచి ఇరవై దాకా కొలిచే చిన్నది కావాలి. పైమూత 25, 28 దాకా అడుగుతుంది కాబట్టి వీలైతే ఇంకో మధ్యరకం. పాత మాన్యువళ్లలో అంగుళ పౌండ్ల లెక్క ఉంటుంది. దాన్ని అడుగు పౌండ్లుగా చదివితే పన్నెండు రెట్ల బలం పెట్టినట్టు, మర ఊడి చేతిలోకొస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. పాత రాక్‌షాక్స్ గాలిషాఫ్టు తీయడానికి లోపలి సర్‌క్లిప్ ప్లయర్ కావాలి. తపారియాది ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, అది చాలు. నూనె కొలవడానికి మెడికల్ షాపులో పది ఎమ్మెల్ సిరంజి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ. కిరసనాయిలు, పెట్రోలు రబ్బరు దగ్గరికి రానివ్వద్దు. డబ్ల్యూడీ-40 స్టాంచన్ల మీద కొట్టేవాళ్లున్నారు, అది సీలు లోపలి గ్రీజునే కడిగేస్తుంది. గ్రీజు విషయంలో పొదుపు పనికిరాదు. లారీ యాక్సిలుకు వాడే చిక్కటి గ్రీజు ఫోమ్ రింగులో నూనె తిరగనివ్వదు. సస్పెన్షన్ కోసమే చేసిన పలుచటి గ్రీజు ఒక్క చిన్న డబ్బా ఏళ్లతరబడి వస్తుంది. నూనె డబ్బా మీద 10 అనో 15 అనో రాసి ఉన్న అంకెను నమ్మవద్దు. ఒక కంపెనీ 10 ఇంకో కంపెనీ 10 కాదు. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్సో చూసి పోల్చాలి. లోయర్లలో పోసే నూనె వేరు, డ్యాంపర్‌లోది వేరు. ఒకదానికొకటి మార్చకూడదు.

మోటారు సైకిలు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పోదా అని చాలామంది అడుగుతారు. సూత్రం ఒక్కటే. ఆయన పదేళ్లుగా షాకప్‌లో ఆయిల్ సీళ్లు మారుస్తున్నాడు, చేతికి అనుభవం ఉంది. అయితే ఆయన చేయి 150 కిలోల బండికి అలవాటైంది. మన ఫోర్కు మొత్తం బరువు రెండు, రెండున్నర కిలోలు. మీరు పక్కనే నిలబడి, పైన చెప్పిన సాకెట్, దిమ్మె, టార్క్ రెంచ్ మీరే తెచ్చి ఇస్తే మంచి మోటారు సైకిలు మెకానిక్ లోయర్ సర్వీసు చక్కగా చేస్తాడు. పనిముట్టు లేని సైకిలు షాపు కంటే పనిముట్టు చేతికిచ్చిన మెకానిక్‌నే నేను నమ్ముతాను.

ఇంట్లో ముట్టుకోకూడనివి రెండు. ఒకటి డ్యాంపర్ లోపలి భాగం. నూనెలో ఒక్క గాలి బుడగ మిగిలినా ఫోర్కు చుక్‌చుక్‌మంటుంది. ఆ గాలిని తీయడానికి, అంటే బ్లీడ్ చేయడానికి, ప్రత్యేకమైన సిరంజి కొసలు, షాఫ్టు గీసుకోకుండా వైస్‌లో పట్టే మెత్తటి దవడలు, అన్నిటికంటే మించి ఓపిక కావాలి. ఏడాదికో రెండేళ్లకో వచ్చే పని, దాని కోసం సరంజామా కొనడం దండగ. రెండోది బుష్‌లు. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్‌మని కొట్టుకుంటోందంటే, ఆ కదలిక హ్యాండిలు తిరిగే బేరింగులది, అంటే హెడ్‌సెట్‌ది, కాదని వేలు పెట్టి చూసి తేల్చుకున్నాక, బుష్‌లు అరిగినట్టు. వాటిని లాగి, కొత్తవి దించి, సైజు చేసే పనిముట్లు చాలా ఖరీదు, వాడే చేయి ఇంకా అరుదు. అక్కడ డబ్బు చేతికే ఇవ్వండి, పనిముట్టుకు కాదు.

కంపెనీల గురించి న్యాయంగా ఒక మాట అనాలి. రాక్‌షాక్స్, ఫాక్స్ రెండూ సర్వీసు మాన్యువళ్లను, విడిభాగాల పట్టికలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నాయి. రాక్‌షాక్స్ సీరియల్ నంబరు రెండు గొట్టాలను పైన కలిపే క్రౌన్ వెనక ఉంటుంది, ఫాక్స్‌లో లోయరు మీద నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కోడ్ కొడితే ఏ సీలు, ఎంత నూనె, ఏ సాకెట్ అన్నీ వస్తాయి. చాలా గృహోపకరణాల కంపెనీలు ఈపాటి మేలు కూడా చేయవు. లోటంతా సరుకు దొరకడంలో ఉంది. సీలు కిట్ ఇక్కడ అంగట్లో ఎప్పుడూ ఉండదు, తెప్పించుకోవాలి, వారాలు పడుతుంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు అనే నాలుగు రంగాలతో అది మొదలైంది. సైకిలుకు అందులో చోటు దక్కలేదు. లక్ష రూపాయలు దాటిన సైకిళ్లు అమ్మే దేశంలో అది ఉండాల్సిన వస్తువే.

లెక్క చూసుకుంటే, షాక్ పంపు తప్ప మిగతావన్నీ ఏడాదికి నాలుగైదుసార్లే చేతికి వస్తాయి. ఒక్కొక్కరం ఒక్కో పెట్టె కొనడం ఎందుకు? మసీదుబండ నుంచి హఫీజ్‌పేట దాకా ఒక్కో గేటెడ్ కమ్యూనిటీలో పదిమంది గుట్టల సైకిలిస్టులు ఉండకపోరు. క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్లకు చోటున్నప్పుడు ఒక బెంచి వైస్‌కూ, ఒక పనిముట్ల అల్మారాకూ చోటుంటుంది. 32, 34, 35, 36 దిమ్మెలు నాలుగు, చదును సాకెట్లు నాలుగు, ఒక టార్క్ రెంచ్, ఫాక్స్ గుబ్బ ఒకటి, సుత్తి, టైరు లీవర్లు. పదిమందికి పంచితే తలకు ఒక జత మంచి టైర్ల ధర కూడా కాదు. పక్కనే ఒక నోటుబుక్కు వేలాడదీయండి. ఎవరి ఫోర్కు, ఏ తారీఖున విప్పారు, నూనె ఏ రంగులో వచ్చింది, అంతే రాయాలి.

మీరు ఈ సాయంత్రం చేయగలిగిన పని ఒకటుంది. సైకిలును వెలుతురులోకి తెచ్చి, ఫోర్కు వెనక ఉన్న కోడ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చివరిసారి దాన్ని విప్పింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే, వచ్చే ఆదివారం గుట్టకు వెళ్లకుండా దాన్నే విప్పండి.